సభ వినువారి కొఱకు

సభ యనగానే తెలుగునాట కన్నులకు గట్టునది వేదిక. దానిపై వరుసగా కుర్చీలు, బల్లమీద పూలదండలు, అధ్యక్షుని యెదుట మైకు. సభ బాగుగా జరిగినదా యని యడిగినచో, వేదికపై ఎవరెవరు కూర్చుండిరో చెప్పువారే యెక్కువ. వెనుకబల్ల మీది శ్రోతకు మాటలు వినబడినవా, వినబడినవి బోధపడినవా, బోధపడనిచో అడుగుటకు అవకాశము దొరకినదా యను ప్రశ్నలు సాధారణముగా ఎవ్వరును వేయరు. అట్లుండగా, వేదికయే లేని సభ యొకటి యేటేట జరుగుచున్నది. అందు వినువాని సంగతియే మొట్టమొదట ఆలోచింపబడుచున్నది. దాని యేర్పాట్లను ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనుట ఎంతయు ప్రయోజనకరము.

ఆ సభ పేరు ఈమాక్స్‌కాన్ఫ్. ఈమాక్స్ అనునది కంప్యూటరుపై వ్రాతపని చేయుట కుపకరించు సాఫ్టువేరు. అది 1976లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన కృత్రిమ మేధా ప్రయోగశాలలో పుట్టినది. రిచర్డ్ స్టాల్‌మన్ తాను ప్రారంభించిన గ్నూ ఉద్యమములో భాగముగా దానిని క్రొత్తగా వ్రాసి 1985లో వెలువరించెను. దాని లోపలి వ్రాత యంతయు బహిరంగము. ఎవ్వరైనను చదువవచ్చును, తమ యవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. వడ్రంగి తన బాడిసెకు తన చేతికి ఒదుగు పిడిని తానే చెక్కుకొనినట్లు, ఒక్కొక్కరు దానిని ఒక్కొక్క రీతిగా మలచుకొందురు. ఒకరు దానితో ఉత్తరములు వ్రాయుదురు. ఒకరు లెక్కలు ఉంచుకొందురు. మఱొకరు పరిశోధనకు వలయు వివరములను కూర్చుకొందురు. తెలుగు లిపిలో వ్రాయుటకు కూడ ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ అను పద్ధతులు అందు చేర్పబడియున్నవి.

ఇట్లు ఎవరి పనిముట్టు వారిదే యైనపుడు, ఎదుటివాని పనిముట్టు ఎట్లున్నదో చూడవలెనను కుతూహలము సహజము. ఆ కుతూహలమే సభకు మూలము. 2013లో ఇది లండన్ నగరమున ముఖాముఖిగా జరిగినది. 2019 నుండి ఏటేట అంతర్జాలము మీదనే జరుగుచున్నది. మహమ్మారి వచ్చి సభామందిరములను మూయించినది 2020లో. కనుక ఈ సభ విధిలేక అంతర్జాలమునకు ఎక్కినది కాదు, కోరి యెక్కినది. నవంబరు చివరనో డిసెంబరు మొదటనో శని, ఆదివారములందు జరుగు ఈ సభకు ప్రవేశ రుసుము లేదు. నిర్వాహకులందఱును తమ తీరిక వేళలను వెచ్చించి పనిచేయు స్వచ్ఛంద సేవకులే.

వీరికి మొదట ఎదురైన చిక్కు భూగోళమే. టొరంటో నగరమున శీతకాలములో ఉదయము 9 గంటలైనపుడు బెర్లినులో మధ్యాహ్నము 3 గంటలు; హైదరాబాదులో రాత్రి 7 గంటల 30 నిమిషములు; టోక్యోలో రాత్రి 11 గంటలు. టొరంటోలో సాయంత్రము 5 గంటలకు సభ ముగియునప్పటికి హైదరాబాదులో తెల్లవారుజాము 3 గంటల 30 నిమిషములు. అందఱకును అనుకూలమైన గడియ పంచాంగమున ఎంత వెదకినను దొరకదు. ఒకరి పగలు మఱొకరి నడిరేయి. ఇట్టిచోట నిర్వాహకులు తమకు తోచిన వేళ నిర్ణయించి, రాగలవారు వత్తురు, రాలేనివారు మానుదురు అని యూరకుండవచ్చును. వారట్లు చేయలేదు. ఏ గంటలలో వీలగునో వక్తలను ముందుగా అడిగి, ఆ వేళలను బట్టి కార్యక్రమమును కూర్చుదురు. అంతటితో తృప్తిపడక, ఆ వేళకు మేలుకొని యుండలేని శ్రోత కూడ సభలోనివాడే యని యెంచి, తక్కిన యేర్పాట్లు చేయుదురు.

అందు మొదటిది, ప్రసంగమును ముందుగా చిత్రించి పంపుమని వక్తలను కోరుట. ఇది నిర్బంధము కాదు. కాని పెక్కుమంది అట్లే చేయుదురు. ముందుగా చిత్రించిన ప్రసంగమున జీవముండదనియు, శ్రోతల ముఖములు చూచి పలికిన మాటకే బలమనియు కొందఱు ఆక్షేపింతురు. ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. కాని ఆకాశవాణిలో ప్రసంగించినవారు తమ మాటలను ముందుగా వ్రాసికొని, నిమిషములు లెక్కించుకొని, అనవసరమైన దానిని తీసివేసి చదివినవారే గదా! ఆ ప్రసంగములు నిర్జీవములని ఎవ్వరును అనలేదు. పాఠమును ముందుగా సిద్ధపఱచుకొని వచ్చు ఉపాధ్యాయుని బోధ నిర్జీవమని యే విద్యార్థియు అనడు. ముందుగా చిత్రించుటలో మఱొక మేలును కలదు. సభాకంపము గలవాడు, ఆంగ్లము మాతృభాష కానివాడు, తడబడినచోట ఆగి మరల చెప్పుకొనవచ్చును. వాక్చాతుర్యము లేదను కారణమున తెలివిగలవాని మాట సభకు దూరము కాదు. సభాదినమున తంత్రులు తెగినను ప్రసంగము చెడదు. తన ప్రసంగము తెరపై నడచుచుండగా వక్త తీరికగా కూర్చుండి, శ్రోతలు వ్రాసిన ప్రశ్నలను చదువుకొనగలడు. అది ముగిసిన వెంటనే వాటికి స్వయముగా సమాధానములు చెప్పును. జీవముండవలసినది ప్రశ్నోత్తరములలో, ఆ జీవమును వారు అక్కడ పదిలపఱచిరి.

రెండవది, పలికిన ప్రతి మాటను అక్షరములలో పెట్టుట. వక్త పంపిన చిత్రమునుండి యంత్రము తొలి ప్రతిని సిద్ధము చేయును. కాని యంత్రము సాంకేతిక పదములను వింతగా వినును, పేర్లను మార్చివేయును, వాక్యము ఎచట ముగిసినదో ఎఱుగదు. అందుచే స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్క ప్రసంగమును ఓపికతో విని దిద్దుదురు. సభనాటికి ఆ మాటలు ఉపశీర్షికలై తెర అడుగున నడచును. ఇది పేరు తెచ్చు పని కాదు; చప్పట్లు తెచ్చు పని యసలే కాదు. అయినను, సభ మొత్తములో అన్నిటికంటె గొప్ప పని ఇదియే యని చెప్పినచో అతిశయోక్తి కానేరదు.

ఏలయన, ఈ అక్షరముల వలన చెవి వినబడనివాడు సభలో సమాన సభ్యుడగుచున్నాడు. అంతకుమించి, తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థి సంగతి ఆలోచింపవలయును. అచ్చులో ఉన్న ఆంగ్లమును అతడు మెల్లమెల్లగా చదివి గ్రహింపగలడు. ఆ వాక్యమునే స్కాట్లండువాడో టెక్ససువాడో తన యాసతో వడిగా పలికినపుడు ఒక్క ముక్కయు పట్టుబడదు. లోపము తన తెలివిలో ఉన్నదని అతడు క్రుంగిపోవును. లోపము అతని తెలివిలో లేదు. సభ యేర్పాటులో ఉన్నది. అదే మాట తెర క్రింద అక్షరములై కనబడినపుడు అతని ముఖము వికసించును. ఒక రాత్రి నాలుగైదు గంటలు కూర్చుండి ఎవరో అపరిచితుడు దిద్దిన అక్షరములు వేల మైళ్ల దూరమున ఒక బాలునికి తలుపు తెఱచుచున్నవి. విద్యాదానమనగా ఇంతకంటె వేఱు గలదా?

మూడవది, ప్రశ్న వేయు విధానము. ఇందులకు మూడు మార్గములు ఉంచిరి. ఒకటి, పలువురు ఏకకాలమున వ్రాయుటకు వీలైన ఈథర్‌ప్యాడ్ అను వ్రాతపలక. రెండవది, ఐఆర్‌సీ అను సంభాషణ పద్ధతి. ఇది 1988లో ఫిన్లండులోని ఔలు విశ్వవిద్యాలయమున పుట్టినది. మూడవది, ముఖములు చూచుకొని మాటలాడుటకు బిగ్‌బ్లూబటన్ అను సాధనము. ఇది 2007లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున దూరవిద్యా బోధన కొఱకు రూపొందింపబడినది. లేచి నిలువబడి అడుగలేనివాడు వ్రాసి అడుగవచ్చును. పేరు చెప్పుటకు జంకువాడు చెప్పకయే అడుగవచ్చును. నలుబదిమంది గల తరగతిలో చేయెత్తు విద్యార్థులు నలుగురే యని ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును. తక్కిన ముప్పదియార్గురకు సందేహములు లేవా? ఉన్నవి, వాటికి దారి లేదు. వ్రాసిన ప్రశ్నకు మఱొక గుణము కలదు. అది నిలిచియుండును. వేళ చాలక మిగిలిపోయిన దానికి వక్త తరువాత తీరికగా సమాధానము వ్రాయవచ్చును.

ఇచట మఱొక విషయము గమనింపదగియున్నది. సభ నడుపుటకు పెద్ద వ్యాపార సంస్థల సాధనములు సులభముగా దొరకుచుండగా, వీరు తాము విప్పి చూచి దిద్దుకొనగల స్వేచ్ఛా సాఫ్టువేరునే వాడుదురు. ఇది మొండిపట్టు అని తోచవచ్చును. కాని స్వేచ్ఛను గూర్చి మాటలాడు సభ, వచ్చువారిని తమ వివరములను పరుల కప్పగించి లోనికి రమ్మనుట పొసగదు. చెప్పినదానికిని చేసినదానికిని నడుమ ఎడము లేకుండుటయే సభకు గౌరవము. ఈ గౌరవము ఊరక లభించుట లేదు. సేవకుల శ్రమ హెచ్చుచున్నది.

ఇంత చెప్పినను, ఇట్టి సభలకు లోపములు లేవనుట సత్యము కాదు. ముఖాముఖి సభలో ప్రసంగముల కంటె, విరామమున వరండాలో నిలిచి చేయు సంభాషణ యొక్కొక్కప్పుడు ఎక్కువ ఫలించును. చేతిలో టీ గ్లాసుతో మొదలైన పరిచయము జీవితకాల మైత్రిగా మాఱుట కలదు. తెరమీద అది దుర్లభము. ఇక భాష. ఉపశీర్షికలు యాస అను గోడను పడగొట్టినవి గాని, ఆంగ్లమను కోటగోడ నిలిచియే యున్నది. అన్నిటికంటె పెద్దది శ్రమ. వచ్చి వినువారు వందలు, మోయువారు కొలదిమంది. ఊరి జాతరలో రథము చూచువారు వేలమంది యుందురు. మోకు పట్టువారు పదుగురే యైనచో రథము కొన్నాళ్లకు ఆగును.

ఈ ప్రమాదమును నిర్వాహకులు గుర్తింపకపోలేదు. ఏ పని ఎట్లు చేసిరో వ్రాసి బహిరంగముగా ఉంచుదురు. మరల మరల చేయవలసిన పనిని కంప్యూటరు కప్పగింతురు. ఒక్క ప్రసంగమునకు ఉపశీర్షికలు దిద్దుట వంటి చిన్న పనితో క్రొత్తవారిని చేర్చుకొందురు. పని రహస్యమైనచోట వారసుడు పుట్టడు. పని వ్రాతలో నున్నచోట ఎవ్వరైనను అందుకొనగలరు. గురువు గతించుటతో విద్య గతించిన కథలు ఈ దేశమున తక్కువగా లేవు. అందుచే ఈ మాట ఇచటివారికి మఱింత వర్తించును.

పాఠశాలలు ఈ సభనుండి నేర్వదగినది యంత్రముల వాడుక కాదు. ఖరీదైన తెరలు కొనినంత మాత్రమున సభ మెఱుగుపడదు. నేర్వదగినవి నాలుగే. వక్తకు వేళ పరిమితముగా ఇచ్చి, ముందుగా సిద్ధపడి రమ్మని కోరుట. ప్రసంగమును ఇద్దఱు విద్యార్థులచేత వ్రాయించి, దిద్దించి, మఱునాడు గోడపై అంటించుట. ప్రశ్నలను చీటీలపై తీసికొని, పేరు వ్రాయుటను వారి యిష్టమునకు విడుచుట. జరిగిన విధమును ఒక పుస్తకములో వ్రాసి, రాబోవు సంవత్సరపు విద్యార్థుల చేతికిచ్చుట. ఇందులకు కాగితము, కలము, కొంత శ్రద్ధ చాలును. అట్లు చేసినచో, జ్వరముచే ఆనాడు బడికి రాలేని పిల్లవాడు సైతము ఆ సభకు వచ్చినవాడే యగును.

వేదికపై వెలిగిన దీపములు సభ ముగియగానే ఆర్పబడును. దండలు సాయంత్రమునకు వాడును. వెనుకబల్ల మీది పిల్లవాడు విని, చదివి, అడిగి, గ్రహించి యింటికి తీసికొనిపోయినది మాత్రమే మిగులును. దానిని కొలతగా పెట్టుకొనినవారే సభ నడుపుట యెఱిగినవారు.