ఒక కుక్కపిల్ల, అయిదు నోళ్లు



ఈ నెల ఒక కుక్క సంగతి చెప్తాను. "సంఘ పత్రికలో కుక్క గొడవేమిటి?" అనకండి. కనాను స్త్రీ ప్రభువుతో మాట్లాడుతూ బల్లమీదనుండి పడే ముక్కలు తినే కుక్కపిల్లల ప్రస్తావన తెచ్చింది (మత్తయి 15). మా ఇంటి కథ కూడా భోజనాల దగ్గరే మొదలయింది.

మా పెద్దబ్బాయి పొలంగట్టు దగ్గర దొరికిన ఊరకుక్క పిల్లను తెచ్చాడు. టైగర్ అని పేరు పెట్టాం. అన్నాల దగ్గరకు వస్తే నేను "ఛీ, పో" అనేదాన్ని. మా అత్తగారు "నోరులేని జీవి, పోనీలేమ్మా" అని ఒక ముద్ద వేసేవారు. అది మీదికి ఎగిరితే పిల్లలిద్దరూ ఎత్తుకొని ముద్దాడేవారు. బడికి వెళ్లేటప్పుడు తెల్లచొక్కా మీద కాళ్లు పెడితే వాళ్లే కొట్టేవారు. మావారు "దా" అని పిలిస్తే, నేను "ఇటురా" అనేదాన్ని. ఇంట్లో అయిదుగురం, అయిదు చట్టాలు!

ఏడాది తిరిగేసరికి టైగర్ బాగా బలిసింది. ఒక ఆదివారం మా సంఘంలోని ఒక వృద్ధురాలు ప్రార్థనకని వచ్చారు. అది సంతోషం పట్టలేక ఆమె మీదికి ఎగిరింది. పాపం, ఆమె మెట్ల మీద పడ్డారు. మణికట్టు విరిగింది. మావారు కర్ర తీశారు. ఇరుగుపొరుగువారు "గోనెసంచిలో వేసి దూరంగా వదిలేసి రండి" అన్నారు. పిల్లల ఏడుపు చెప్పనలవి కాదు.

పరామర్శకు వెళ్తే, చేతికి కట్టుతో ఉన్న ఆ అమ్మగారే అన్నారు: "చిన్నప్పుడు ఎగిరితే ఎత్తుకున్నది మీరే గదమ్మా! ఎగరకూడదని దానికి ఎవరు చెప్పారు?" నాకు జవాబు దొరకలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. స్కిన్నర్, ఫెర్‌స్టర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పావురాల మీద చాలా ప్రయోగాలు చేసి, 1957లో పెద్ద గ్రంథం ప్రచురించారు. ఒక పనికి ప్రతిసారీ గింజలు దొరికి, తర్వాత ఆగిపోతే, పావురం ఆ పనిని త్వరగా మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరుకుతూ ఉంటే, ఆగిపోయిన తర్వాత కూడా చాలాకాలం మానదు. అంటే, పదిసార్లు "ఛీ" అని పదకొండోసారి ముద్ద వేస్తే, మనం నేర్పేది "విసుగక అడుగు" అనే!

ఆ రాత్రి ప్రార్థన అయ్యాక అందరం కూర్చుని కొన్ని సంగతులు ఒప్పుకున్నాం. పిలిచే మాట ఒక్కటే, "దా". తిండి పొద్దున, సాయంత్రం, ఒకే చోట, దాని గిన్నెలోనే. అత్తగారి ముద్ద మానలేదు. మన భోజనాలయ్యాక ఆమె చేత్తోనే ఆ గిన్నెలో వేయాలి. మీదికి ఎగిరితే ఎవరూ ముట్టుకోకూడదు, అరవకూడదు. వెనక్కి తిరిగి నిలబడాలి. నాలుగు కాళ్లూ నేలమీద ఆనగానే మెచ్చుకోవాలి. ఆ మెప్పు వెంటనే అందాలి. గంట తర్వాత కొడితే ఎందుకు కొట్టారో కుక్కకు తెలియదు, మనమంటే భయం మాత్రం నేర్చుకుంటుంది. అది కుదురుకునేవరకు, ఎవరైనా వచ్చే వేళకు తాడుతో కట్టి ఉంచాం.

మొదటి నాలుగు రోజులు ఇంకా ఎక్కువ ఎగిరింది. చాలామంది ఇక్కడే "కుక్కతోక వంకర" అని వదిలేస్తారు. పాత దారి మూసుకుపోతే, ఏ జీవి అయినా ముందు గట్టిగా తలుపు తట్టవచ్చు. అప్పుడు ఒక్కరు లొంగినా కథ మొదటికి వస్తుంది. ఒకరోజు చిన్నవాడు ఎత్తుకోబోతే మా అత్తగారే ఆపారు!

మూడు నెలలకు ఆ అమ్మగారు మళ్లీ మా గుమ్మం ఎక్కారు. టైగర్ లేచింది, తోక ఊపింది, నా ముఖం చూసింది, కూర్చుంది. ఆమె బాగైన చేతితోనే దాని తల నిమిరారు. నాకు కన్నీళ్లు ఆగలేదు.

మరొక మాట. కుక్కను పెంచేవారు మూడో నెలలో రేబిస్ టీకా వేయించి, తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ వేయించండి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం పెట్టకండి. నీతిమంతుడు తన పశువుల క్షేమం చూస్తాడని సామెతలు 12:10 నేర్పుతోంది.

తల్లిదండ్రులారా, అమ్మ వద్దన్నది నాన్న ఇస్తే, నిన్న నవ్విన అల్లరికి నేడు కొడితే, మన పిల్లలు ఏమి నేర్చుకుంటారు? మన అవును, మన కాదు నికరంగా ఉండాలని ప్రభువు చెప్పిన సంగతి (మత్తయి 5:37) ఈ నెల కుటుంబ ప్రార్థనలో కలిసి చదవండి. మన ఇంట్లో ఎన్ని చట్టాలున్నాయో ఒకరినొకరు అడగండి.