గండం గడిచిందనుకున్నాక వచ్చే గండం

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్ మెట్రోలో ఒక గుండె ప్రయాణం చేసింది. ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ దాకా 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. ఆ వార్త చదివి ఒళ్ళు పులకరించని వాళ్ళు ఉండరేమో. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో కూడా నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కి ఇలాగే ఒక గుండెని మెట్రోలో తీసుకెళ్ళారు. ట్రాఫిక్ ఆపిన పోలీసులకీ, మెట్రో వాళ్ళకీ, అన్నిటికన్నా ముందు అంత దుఃఖంలో కూడా "సరే" అన్న ఆ కుటుంబాలకీ ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

ఐతే నాకో పేచీ ఉంది. ఈ వార్త ఎప్పుడూ ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది. గుండె చేరింది, శుభం కార్డు పడింది. నిజానికి ఆ గుండెకి అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. కుట్లు వేయడం పూర్తయ్యి, బిగించిన క్లాంపు తీసి, కొత్త మనిషి రక్తాన్ని అందులోకి వదులుతారు చూడండి, ఆ క్షణంలో.

రక్తం ఆగితే కణాలు చస్తాయని అందరికీ తెలుసు. ఆగిన రక్తం మళ్ళీ వచ్చినప్పుడు ఇంకొన్ని చస్తాయని చాలామందికి తెలీదు. దీన్ని రీపర్‌ఫ్యూజన్ ఇంజురీ అంటారు. రాబర్ట్ జెన్నింగ్స్ బృందం 1960లోనే కుక్కల గుండెల మీద ఈ సంగతి గమనించింది. నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఇందులో మన వృత్తి వాళ్ళం చప్పున పట్టుకోగలిగిన విషయం ఒకటుంది, తప్పుగా పట్టుకునే ప్రమాదం ఇంకోటుంది. రెండూ చెప్తాను.

ముందు పట్టుకోగలిగినది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మూగబోయింది. నెట్‌వర్క్ బాగయ్యాక వాళ్ళు అన్నీ ఒక్కసారిగా ఆన్ చెయ్యలేదు. డేటా సెంటర్లలో కరెంటు వాడకం పదుల మెగావాట్లు పడిపోయి ఉంది, అది ఒక్కసారిగా పైకి లేస్తే విద్యుత్ పరికరాల దగ్గర్నుంచి క్యాషెల దాకా దేనికైనా ముప్పేనని తర్వాత వాళ్ళే రాశారు. డేటాబేస్ పడిపోయి లేచినప్పుడు క్యూలో ఉన్న రిక్వెస్టులన్నీ ఒకేసారి మీదపడి దాన్ని మళ్ళీ పడగొట్టడం మనలో చాలామందికి అనుభవమే. సర్వర్ లేవడం వేరు, సర్వీసు కోలుకోవడం వేరు.

శరీరంలోనూ అంతే. రక్తం లేని సమయంలో కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఉన్న ఏటీపీని ఖర్చు పెట్టేస్తుంది, దాని విరుగుడు సరుకు హైపోజాంథిన్‌గా పేరుకుంటుంది. మైటోకాండ్రియాలో సక్సినేట్ పోగుపడుతుంది. కణంలోకి సోడియం, కాల్షియం చేరుతుంటాయి. ఇదంతా ఆక్సిజన్ కోసం ఎదురుచూస్తున్న బ్యాక్‌లాగ్ అన్నమాట. రక్తంతో పాటు ఆక్సిజన్ వచ్చిన మొదటి నిమిషాల్లో ఆ సక్సినేట్ ఒక్కసారిగా కాలిపోతుంది, ఎలక్ట్రాన్లు వెనక్కి తన్ని సూపర్ఆక్సైడ్ పుడుతుంది. ఈ సంగతిని 2014లో నేచర్ పత్రికలో చూపించారు. హైపోజాంథిన్ దారిన కూడా సూపర్ఆక్సైడ్ పుడుతుందని 1980ల నుంచే చెబుతున్నారు. ప్రాణవాయువే ఆ కాసేపు విషమైపోతుంది.

ఇక్కడ రంగంలోకి దిగుతుంది హిస్టమిన్. చీమ కుట్టినచోట వాపు, ఒంటిమీద దద్దుర్లు, జలుబులో కారే ముక్కు అనగానే గుర్తొచ్చే పదార్థం. ఇది ఎక్కువగా మాస్ట్ కణాల్లో, చిన్న చిన్న గుళికల రూపంలో ముందే తయారై ఉంటుంది. 1878లో పాల్ ఎర్లిక్ వీటికి ఆ పేరు పెట్టాడు. లోపల గుళికలు నిండుగా కనిపిస్తే బాగా మేసిన కణాలనుకున్నాడట, జర్మన్‌లో ఆ మాటకి అర్థం అదే :) ఈ మాస్ట్ కణాలు గుండెలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, కండరాల్లో చిన్న రక్తనాళాల పక్కనే కాపలావాళ్ళలా కూర్చుని ఉంటాయి. సూపర్ఆక్సైడ్ లాంటివీ, రక్తంలోని కాంప్లిమెంట్ ముక్కలూ తగలగానే గుళికలు బయటికి కక్కేస్తాయి. కొత్తగా తయారు చేసే పని లేదు కాబట్టి అంతా క్షణాల్లో, నిమిషాల్లో జరిగిపోతుంది.

బయటికొచ్చిన హిస్టమిన్ ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. ఒకటి, చిన్న రక్తనాళాల గోడల్లో కణానికీ కణానికీ మధ్య సందులు తెరుస్తుంది. నీరూ, ప్రొటీన్లూ బయటికి కారి కణజాలం వాస్తుంది. ఆ వాపు బయటినుంచి సన్న నాళాలని నొక్కేస్తుంది. రెండు, గోడ కణాలు లోపల దాచుకున్న పి-సెలెక్టిన్ అనే ప్రొటీన్ని నిమిషాల్లో పైకి తెప్పిస్తుంది. అది జిగురు పట్టీలాంటిది. పక్కనించి దూసుకుపోతున్న తెల్ల రక్తకణాలు దానికి తగులుకుని దొర్లుతూ నెమ్మదిస్తాయి, గోడ దాటి లోపలికొస్తాయి, శత్రువు ఉన్నాడనుకుని తమ ఆయుధాలు ప్రయోగిస్తాయి. ఈ వాపూ, ఇరుక్కున్న కణాలూ, చిన్న గడ్డలూ కలిసి కొన్నిసార్లు విచిత్రం చేస్తాయి. పెద్ద ధమని బ్రహ్మాండంగా తెరుచుకుని ఉంటుంది, చివరి సన్న నాళాల్లోకి మాత్రం రక్తం పోదు. దీనికి నో రీఫ్లో అని పేరు. మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ క్లియర్, గల్లీలన్నీ జామ్.

ఇక తప్పుగా పట్టుకునే ప్రమాదం సంగతి. ఇంత చదివాక మన బుర్ర రెండు దారుల్లో పరిగెడుతుంది.

మొదటిది: "ఐతే రక్తం తొందరగా తెరవడం మంచిది కాదా?" కానే కాదు. ఆగిన ప్రతి నిమిషమూ నష్టమే, పైగా ఆగినంతసేపూ బ్యాక్‌లాగ్ పెరుగుతూ ఉంటుంది. గుండెపోటులో ఆసుపత్రికి చేరడం ఆలస్యం చేస్తే రెండు దెబ్బలూ పెద్దవవుతాయి. ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ ట్రబుల్ అని సోడా తాగి కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యాలి. అందులో చర్చే లేదు.

రెండోది మన ఇంజనీర్ల జబ్బు: "రూట్ కాజ్ దొరికింది కదా, బ్లాక్ చేసేద్దాం." హిస్టమిన్ దోషి ఐతే తుమ్ములకి వేసుకునే సెట్రిజిన్ పడేస్తే పోలా? పోదు. ఎందుకంటే హిస్టమిన్ ఒక్కటే ఐనా దాన్ని అందుకునే రిసెప్టర్లు నాలుగు రకాలు. రక్తనాళాల లీకు ఎక్కువగా హెచ్1 పని. గుండె వేగం, బలం పెంచేది హెచ్2. మన ఎసిడిటీ మాత్రలు కొన్ని అడ్డుకునేదీ దీన్నే. గుండెలోని సింపథెటిక్ నరాల చివర ఉండే హెచ్3 మాత్రం తిరగబడ్డ బండికి బ్రేకు లాంటిది. నార్‌ఎడ్రినలిన్ వరద విడుదల కాకుండా పట్టుకుంటుందని గినీపిగ్ గుండెల మీద చేసిన పనిలో తేలింది. మెదడు దగ్గరికొస్తే కథ ఇంకా అడ్డం తిరుగుతుంది. ఎలుకల ప్రయోగాల్లో హిస్టమిన్‌కి ముడిసరుకైన హిస్టిడిన్ ఇస్తే రక్తం ఆగడం వల్ల వచ్చే నష్టం తగ్గింది. అదే మెసేజి, వినేవాణ్ణి బట్టి అర్థం మారిపోతోంది. మెసేజి క్యూని మూసేస్తే చెడ్డ కన్స్యూమరే కాదు, మంచి కన్స్యూమర్ కూడా పస్తుంటాడు.

మాస్ట్ కణాలు లేని ఎలుకల్లో కండరానికి రీపర్‌ఫ్యూజన్ దెబ్బ తక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ ఈ పనికి ఎక్కువగా వాడిన ఎలుకలు ఒక జన్యులోపంతో పుట్టినవి. వాటికి రక్తహీనత లాంటి వేరే తేడాలూ ఉంటాయి. మాస్ట్ కణాల గుళికల్లో కూడా హిస్టమిన్ ఒక్కటే ఉండదు, ట్రిప్టేజ్, కైమేజ్ లాంటి ఎంజైములూ ఉంటాయి. ఒక వేరియబుల్ మార్చామనుకుంటాం గానీ పది మారి ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు టైముది. ప్రయోగశాలలో జంతువుకి మందు ముందే ఎక్కించి, ఆ తర్వాత ధమని కట్టచ్చు. గుండెపోటు మాత్రం క్యాలెండర్ ఇన్వైట్ పంపి రాదు కదా. మాస్ట్ కణం గుళికలు కక్కేశాక వెళ్ళి దాన్ని బతిమాలి ఏం లాభం? ఈ రంగం మొత్తానిదీ ఇదే గోడు. మైటోకాండ్రియాని కాపాడుతుందని 2008లో 58 మంది మీద ఆశ పుట్టించిన సైక్లోస్పోరిన్, 2015లో 970 మంది మీద చేసిన పరీక్షలో పని చెయ్యలేదు. రక్తాన్ని ఒక్కసారిగా వదలకుండా కొద్దికొద్దిగా వదిలి ఆపే పద్ధతి 2003లో కుక్కల్లో అద్భుతంగా పని చేసింది. మన భాషలో రేట్ లిమిటింగ్ అనుకోండి. డెన్మార్క్‌లో 1234 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో ఆ లాభం కనపడలేదు. గుండెపోటులో రీపర్‌ఫ్యూజన్ దెబ్బ ఆపడానికి యాంటీహిస్టమిన్ ఇమ్మని ఏ పెద్ద మార్గదర్శకమూ చెప్పట్లేదు. కాబట్టి ఎవరైనా వాట్సాప్‌లో అలాంటి చిట్కా పంపితే డిలీట్ కొట్టండి.

మరి ఆశ ఎక్కడుంది? నా అభిప్రాయం సూటిగా చెప్తాను: క్లాంపు ఎప్పుడు తీస్తామో ముందే తెలిసిన చోట. బైపాస్ ఆపరేషన్, కాలికి టోర్నికే కట్టి చేసే సర్జరీ, అన్నిటికన్నా ముఖ్యంగా అవయవ మార్పిడి. ఇవి ప్లాన్డ్ డౌన్‌టైములు. మాస్ట్ కణం గుళికలు కక్కకముందే దాని దగ్గరికి చేరే అవకాశం ఉన్నది ఇక్కడే. హిస్టమిన్ గురించి నేర్చుకున్నది ఎప్పటికైనా పనికొస్తే ముందు ఇక్కడే పనికొస్తుందని నా నమ్మకం.

ఇది ఊహ మాత్రమే కాదనడానికి కాలేయం సాక్ష్యం. మామూలుగా అవయవాన్ని ఐసు పెట్టెలో పెడతారు. చల్లదనం బ్యాక్‌లాగ్ పెరిగే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప ఆపదు. ఐసులో గుండెకి సుమారు నాలుగు గంటలే హద్దనేది అందుకే. దీనికి బదులు కాలేయాన్ని మిషను మీద పెట్టి, వెచ్చటి రక్తం ప్రవహింపచేస్తూ ఉంచితే ఏమవుతుందో 2018లో యూరప్‌లో 220 మార్పిడుల్లో చూశారు. ఎంజైముల లెక్కలో దెబ్బ సగానికి తగ్గింది. 2021లో నెదర్లాండ్స్ వాళ్ళ ఆధ్వర్యంలో 156 మందితో ఇంకో పరీక్ష వచ్చింది. అందులో అమర్చే ముందు కాలేయానికి చల్లగా ఉండగానే కనీసం రెండు గంటలు ఆక్సిజన్ అందించారు. పిత్తనాళాలు మూసుకుపోయే బాధ 18 శాతం నుంచి 6 శాతానికి దిగింది. గమనించండి, ఎవరూ ఒక దోషిని పట్టుకుని బ్లాక్ చెయ్యలేదు. బ్యాక్‌లాగ్‌ని నెమ్మదిగా కరిగించి, ఆ తర్వాత తలుపు తీశారు. అసలు అలారమే గట్టిగా మోగకపోతే కాపలావాడు గుళికలు కక్కే అవసరమూ తగ్గుతుంది.

అందుకే అంటున్నా. గ్రీన్ ఛానెల్ గొప్పదే, అది నిమిషాలు మిగులుస్తుంది. కానీ మనం నిమిషాలని మాత్రమే చప్పట్లతో కొలుస్తున్నాం. రోడ్డు మీద పరుగు కెమెరాకి కనిపిస్తుంది, క్లాంపు తీశాక మొదటి పది నిమిషాలు కనిపించవు. మార్చిన గుండె మొదటి 24 గంటల్లోనే సరిగ్గా పని చెయ్యకపోతే దానికో ప్రత్యేకమైన పేరుంది, ప్రైమరీ గ్రాఫ్ట్ డిస్‌ఫంక్షన్ అని. ఆ లెక్కలు ఎంత వెతికినా మన వార్తల్లో నాకు కనపడలేదు. ఎన్ని కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో అన్నది రాసేవాళ్ళు, ఏడాది తర్వాత ఆ గుండె ఎలా కొట్టుకుంటోందో కూడా రాయాలి. చదివేవాళ్ళం మనమూ అడగాలి. డబ్బు పెట్టేవాళ్ళు సైరన్లతో పాటు ఆ మిషన్ల గురించీ, వాటిని నడపగలిగే మనుషుల శిక్షణ గురించీ ఆలోచించాలి.

అర్ధరాత్రి సర్వర్ లేవగానే టికెట్ మూసేసి పడుకునే వాణ్ణి మన టీముల్లో ఎవరూ మెచ్చుకోరు. కాసేపు గ్రాఫులు చూసి, క్యూలు ఖాళీ అయ్యాయని నిర్ధారించుకుని వెళ్ళేవాడే పనివాడు. ఒక కుటుంబం ఇచ్చిన గుండెకి ఆపాటి జాగ్రత్త తీసుకోమని అడగడం అత్యాశ కాదనుకుంటాను. మీరేమంటారు?