దండలు కొంత ఆగనిండు

వైద్యకళాశాలలో చోటు సంపాదించిన మన బిడ్డలకు సన్మానసభ జరుపవలెనని మన సంఘ కార్యవర్గమున ఒక ప్రతిపాదన వచ్చినది. మొదటి రౌండు కౌన్సెలింగు ఫలితములు వెలువడిన పది దినములలో సభ జరుగవలెనట. శాలువలు, దండలు, ఫొటోలు, విందు. కార్యవర్గమున నేనొక్కడనే వలదంటిని. "తన ఇంట సీటు రాలేదని కడుపుమంట" అని ఒక సభ్యుడు నా వెనుక అనినట్లు తెలిసినది. మా ఇంట సీటు రాని మాట నిజమే. అందువలననే ఈ విషయము నాకు తెలిసినది. తెలిసినది దాచుకొనుట వ్యాపారమున చెల్లును గాని సంఘమున చెల్లదు.

మొదటి రౌండు ముగిసిననాడు చోటు వచ్చినవారికంటె రాక నిలిచినవారే ఎక్కువమంది. వీరును అదే నీట్ పరీక్ష వ్రాసినవారే, అదే ర్యాంకుల పట్టికలో పేరున్నవారే. సభలో కొన్ని పేర్లు మైకున చదివి తక్కినవి చదువకుండుటచే, చదువని పేరు ఓడిపోయిన పేరని మనమే ఊరికి చాటుచున్నాము. బండి ఇంకను స్టేషనులోనే యున్నది. ఎక్కలేకపోయినవారి జాబితాను మనము అప్పుడే వ్రాయుచున్నాము.

ఈ వెయిటింగు లిస్టు అనునదేమో మన పెద్దలలో పలువురికి తెలియదు. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి నూలు అంగడి పెట్టుకొన్న నాకును మొన్నటిదాక తెలియదు. తమిళనాట ప్రభుత్వ వైద్యకళాశాలల చోట్లలో నూటికి 15 అఖిలభారత కోటాకు పోవును. తక్కిన 85 రాష్ట్ర ఎంపిక సంఘము నింపును. రెండింటను చోటు దొరికిన విద్యార్థి ఒకటి పట్టుకొని ఒకటి విడుచును. ప్రైవేటు కళాశాల దొరికినవాడు ప్రభుత్వ కళాశాల దొరికినంతనే దానిని విడుచును. తూత్తుకుడిలో చోటు వచ్చినవాడు మధుర దొరికిన మధురకు మారును. ఇట్లు విడిచిన చోటు రెండవ రౌండున, మూడవ రౌండున, కడపట మిగులు చోట్ల రౌండున వెనుకనున్నవారికి జరుగును. మిల్లు గేటు వద్ద లారీలు వరుసగా నిలుచును. ముందున్న లారీ సరుకెత్తుకొని కదలిన గాని మన లారీ ముందుకు జరుగదు. దానికై మన డ్రైవరును తిట్టు యజమాని యుండునా? బిడ్డను మాత్రము తిట్టుచున్నాము. ఆమె చేయవలసినది మే నెలలో పరీక్ష హాలుననే ముగిసినది. తరువాతి నెలలలో జరుగునదంతయు ముందున్నవారి కదలిక.

మరియొక మాట. మన తెలుగువారికి వరుస ఒకటి కాదు. కమ్మ, బలిజ, రెడ్డి ఇండ్ల బిడ్డలు సాధారణ వరుసలో నిలుతురు. గవరలు వెనుకబడిన తరగతుల వరుసలో, రాజకంబళ తొట్టియ నాయకులు అత్యంత వెనుకబడిన తరగతుల వరుసలో నిలుతురు. అరుంధతీయుల బిడ్డలు షెడ్యూల్డు కులముల 18 శాతములో 2009 నాటి చట్టము ప్రత్యేకించిన 3 శాతము వరుసలో నిలుతురు. "నాయుడు" అను బిరుదొక్కటి చెప్పిన ఏ వరుసయు తెలియదు. కులధ్రువపత్రమున ఏ పేరున్నదో అదే లెక్క. ఈ పత్రము కొరకు కౌన్సెలింగు వారమున తాలూకా కచ్చేరి చుట్టు తిరుగు తండ్రులను నేను చూచితిని. జనవరిలో చేయవలసిన పనిని ఆగస్టులో చేయుచు, వరుసలో వెనుకబడినది బిడ్డయని ఇంటికి వచ్చి విసుగుకొందురు.

ఈ సందర్భమున మన విందుబల్లలవద్ద వినబడు మాటయొకటి కలదు: "రిజర్వేషను లేకున్న మనవానికి వచ్చియుండును." ఈ మాట క్రొత్తది కాదు. మదరాసు రాజధానిలో కమ్యూనల్ జీ.వో. అమలులో నున్నప్పుడు ప్రతి 14 చోట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవ, ఆంగ్లో ఇండియనులకు 1, ముస్లిములకు 1 అని పంచుచుండిరి. వైద్యకళాశాల ప్రవేశము గూర్చి చంపకం దొరైరాజన్ వేసిన వ్యాజ్యమున 1951లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. ఆ సంవత్సరమే రాజ్యాంగపు మొదటి సవరణ వచ్చినది. డెబ్బది యేండ్లు దాటినవి, వాదము అచ్చటనే యున్నది. నేను అడుగునది వేరు. 3 శాతము పోయినదని వగచువారు, ఆ 3 శాతములో చేరు బిడ్డ ఇంట ఏ భాష మాట్లాడుదురో ఎన్నడైన విచారించిరా? కోయంబత్తూరు, మధుర వీథులను తెల్లవారకమునుపే ఊడ్చు కుటుంబములలో ఎన్నియో ఇంట తెలుగే పలుకును. వారి బిడ్డ ప్రభుత్వ పాఠశాలలో ఆరవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు చదివియున్నచో 2020 నాటి చట్టముచే 7.5 శాతము ప్రత్యేక కోటాయును కలదు. ఇది ఆ తల్లిదండ్రులకు ఎవరు చెప్పిరి? మన సంఘము చెప్పినదా? మన సన్మాన పత్రములపై వారి ఇంటిపేర్లు నేనింతవరకు చూడలేదు. తెలుగువారి సంఘమని బోర్డు వ్రాసికొని నాలుగు వీథుల తెలుగువారికే పరిమితమైతిమి.

ఇక మా ఇంటి మాట. మా అన్నగారు మధురలో నున్నారు. ఆయన కూతురు గడచిన సంవత్సరము మొదటి రౌండున చోటు రాక నిలిచినది. ఆ నెలలో ఇచ్చట ఒక పెండ్లి. "అమ్మా, సీటు దొరికెనా?" అని ఆమెను అడిగినవారిని నేను లెక్కించితిని. మూహూర్తమునకు ముందే పదకొండుగురు. అందరును బంధువులే, అందరును ప్రేమతో అడిగినవారే. పన్నెండవవారు అడుగునప్పటికి పిల్ల కనబడలేదు. వెదకగా వంటశాల వెనుక, కూరలు తరుగు స్త్రీల నడుమ కూర్చుండి కత్తిపీట పట్టుకొని యున్నది. "ఇక్కడ ఎవరూ అడగరు చిన్నాయనా" అనినది.

2017 సెప్టెంబరు 1న అరియలూరు జిల్లాలో, ప్లస్ టూ పరీక్షలో 1200కు 1176 మార్కులు తెచ్చుకొన్న బాలిక, వైద్యకళాశాలలో చోటు దక్కక ప్రాణము తీసికొన్న వార్త చదివి మనమందరము కంటతడి పెట్టితిమి. పందిరిలో అడుగు ప్రశ్నను మాత్రము మానలేదు. బిడ్డ అన్నము మాని, నిద్ర మాని, మాటలు మానినప్పుడు "పౌరుషము గల పిల్ల" అని మెచ్చుకొనుట మూర్ఖత్వము. 104కు గాని 14416కు గాని ఫోను చేసిన వినువారున్నారు. అది సిగ్గుపడవలసిన పని కాదు.

మా అన్నగారు పిల్లను తిట్టలేదు. అంతకంటె హానికరమైన పని చేసిరి. వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రవేశము నీట్ తో పనిలేక ప్లస్ టూ మార్కులపై జరుగును. పిల్లకు అందు పిలుపు వచ్చినది. "డాక్టరు కావలసినది నాగలి పట్టునా?" అని ఆయన గడువు తేదీ దాటనిచ్చిరి. అదే వారమున ఒక దళారి వారి ఇంట దిగెను. ప్రైవేటు కళాశాలలో మేనేజిమెంటు చోటు తన చేతిలో నున్నదనియు, అడ్వాన్సు ఇచ్చిన లిస్టులో పేరు పైకి జరుపుననియు చెప్పెను. అన్నగారు రెండు లక్షలు ఇచ్చిరి, రసీదు లేకుండ. రసీదు లేక ఒక్క కోను నూలును గుమ్మము దాటనీయని కుటుంబము మాది! 2017 నుండి తమిళనాట ప్రైవేటు కళాశాలల మేనేజిమెంటు చోట్లును కౌన్సెలింగు ద్వారమే నిండుచున్నవి; డీమ్డు విశ్వవిద్యాలయముల చోట్లు ఢిల్లీ కౌన్సెలింగు సంఘముచే నిండుచున్నవి. లిస్టులో పేరును పైకి జరుపగల దళారి లేడు. ఈ ఒక్క వాక్యము ఆనాడు ఎవరైన చెప్పియున్న రెండు లక్షలు మిగిలియుండును. సగము తిరిగి వచ్చినది. మిగిలిన సగమును గూర్చి మా అన్నగారు మాటలాడరు. చివరి రౌండు ముగిసినది, చోటు రాలేదు. ఈ సంవత్సరము ఆ పిల్ల మా ఇంటనుండి అదే వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు పోవుచున్నది, సంతోషముగనే పోవుచున్నది. పోయిన సంవత్సరము పోయినదే.

విదేశమునకు పంపుదమనువారు కలరు. పంపుడు, కాని 2021 నాటి నిబంధనలు చదివి పంపుడు: 54 నెలలకు తక్కువ కాని చదువు, ఆంగ్లమున బోధన, ఆపై 12 నెలల ఇంటర్న్ షిప్. ఆంధ్రకు పంపుదము, అచ్చట మనవారున్నారనువారును కలరు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అచ్చటి చోట్లలో నూటికి 85 స్థానికులకు కేటాయించినది. మన బిడ్డ అచ్చట స్థానికురాలు కాదు; మన భాష ఆ సరిహద్దున చెల్లుబాటు కాదు.

కడపటి వాదము మన అధ్యక్షులది: మనకొక తెలుగు వైద్యకళాశాల కావలెను, అప్పుడు ఈ బాధ తీరును. రాజ్యాంగపు 30వ అధికరణము ఆ హక్కు నిచ్చినది, 2002లో టి.ఎం.ఏ. పాయ్ తీర్పు భాషాల్పసంఖ్యాకులను రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెననినది, ఇవి నిజమే. 2020లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వ్యాజ్యమున అల్పసంఖ్యాకుల కళాశాలలకును నీట్ తప్పదని సుప్రీంకోర్టు చెప్పిన మాటయు నిజమే. కళాశాల కట్టుడు, నా చందా నేనిత్తును. కాని ఎంత కాలమునకు? మధుర ఎయిమ్స్ నకు 2019 జనవరిలో శంకుస్థాపన జరిగినది. 2022లో దాని మొదటి 50 మంది విద్యార్థులు రామనాథపురమున పాఠములు మొదలుపెట్టిరి. కేంద్ర ప్రభుత్వపు కళాశాలయే వెయిటింగు లిస్టున నిలుచుండగా, మన కళాశాల ఈ సెప్టెంబరున నిలిచిన బిడ్డకు అందునా?

మన సభలలో డాక్టరు జి. వెంకటస్వామిగారి చిత్రపటమునకు దండ వేయుట ఆచారము. 1976లో మధురలో 11 పడకలతో అరవిందు కంటి ఆసుపత్రి ప్రారంభించిన మహనీయుడని ఉపన్యసింతురు. ఆయన మొదట కోరినది ప్రసూతి వైద్యము. కీళ్లవాతము వ్రేళ్లను వంకర చేసి ఆ దారి మూసినదని, ఏడాదికి పైగా మంచము పట్టెనని, ఆ తరువాతనే కంటివైద్యము చేపట్టి ఆ వ్రేళ్లతోనే కత్తి పట్టుట నేర్చెనని చెప్పు వక్తను నేను వినలేదు. నిలిచిపోయిన బిడ్డకు కావలసినది ఆ మంచము పట్టిన సంవత్సరపు కథ. మనము చెప్పునది పడకల లెక్క.

వచ్చు ఆదివారము సాయంకాలము 5 గంటలకు కార్యవర్గము కూడుచున్నది. సన్మానసభను చివరి రౌండు ముగియువరకు వాయిదా వేయవలెననియు, శాలువల సొమ్ముతో కౌన్సెలింగు నెలలలో వారమునకు రెండు సాయంత్రములు సంఘ కార్యాలయమున ఆ సంవత్సరపు ప్రాస్పెక్టసు చదివి చెప్పగల మనిషిని కూర్చుండబెట్టవలెననియు, ఆ మనిషి నెలకొక దినము అరుంధతీయుల కాలనీకి పోవలెననియు తీర్మానము పెట్టుచున్నాను. బలపరచువారు లేని తీర్మానము చర్చకు రాదని మన నియమావళి. ఒక్కరు చాలును.