బుల్లెట్ ఎక్కింది, చెక్క జారింది

గత జులైలో మియాపూర్‌లో రూమ్ ఖాళీ చేసేశా. ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు. ఇక అద్దె దండగ ఎందుకని సూర్యాపేటకి మకాం మార్చడమే. మంచం, ఫ్రిజ్, రెండు మానిటర్లు, నా బుల్లెట్. అదే మొత్తం ఆస్తి. బుల్లెట్‌ని నేనే తోలుకుంటూ వెళ్ళొచ్చు. కానీ వాన పడుతోంది, పైగా బొలెరో పికప్ ఎలాగూ మాట్లాడాం. ‘ఇంకో ఐదొందలు ఇయ్యన్నా, దాన్ని గూడ ఏసుకపోదాం’ అన్నాడు డ్రైవర్. ఐదొందలే కదా అనుకున్నా.

సాయానికి నాన్న వచ్చారు. స్కూల్ టీచరు. పట్నం వస్తే షూ వేసుకోకుండా రారు. ఆ షూ సంగతి గుర్తుపెట్టుకోండి.

సామానంతా ఎక్కింది. బుల్లెట్ మిగిలింది. ఎలా ఎక్కిస్తావని అడిగితే, డ్రైవర్ పక్క బిల్డింగ్ దగ్గరికెళ్ళి ఒక సెంట్రింగ్ చెక్క పట్టుకొచ్చాడు. ఆరడుగులుంటుంది. తడిసి ఉంది. ఒక కొన పికప్ వెనక అంచు మీద, ఇంకో కొన నేల మీద పెట్టాడు. ‘రోజూ ఎక్కిస్తం అన్నా, ఏం గాదు.’

ఇక్కడ చిన్న లెక్క. నేను చదివింది మెకానికల్, చేసేది జావా. కాబట్టి ఈ లెక్క నాకు గుర్తొచ్చింది కూడా ఇంటికెళ్ళాకే. పికప్ తొట్టి ఎత్తు దాదాపు మూడడుగులు. ఆరడుగుల చెక్క వేస్తే వాలు 30 డిగ్రీలు. అంటే 195 కిలోల బండిలో సగం బరువు, 97 కిలోల పైనే, మనల్ని కిందికి నెడుతూ ఉంటుంది. చెక్క తొమ్మిదడుగులుంటే అది 65 కిలోలకి తగ్గుతుంది. ఫస్టియర్‌లో పదిసార్లు రాసిన లెక్కే. పరీక్షలో బ్లాకు జారితే మార్కులు పోతాయి, అంతే. కింద ఎవరూ నిలబడి ఉండరు.

మొదటిసారి ఇంజిన్ ఆపేసి తోశాం. సగం దాకా వెళ్ళి ఆగింది. నేను ముందు బ్రేక్ గట్టిగా పట్టుకున్నా. అయినా బండి మెల్లగా వెనక్కి జారుతోంది! వాలు ఎక్కేటప్పుడు బరువు ఎక్కువగా వెనక చక్రం మీదికి పోతుంది. ముందు చక్రం తేలికైపోతుంది, దాన్ని బిగించినా తడి చెక్క మీద టైరు జారుతుంది. గేర్‌లో పెట్టి క్లచ్ వదిలేసి ఉంటే వెనక చక్రం బిగుసుకుని ఆగేది. నలుగురం పట్టుకుని కిందికి దింపాం. నలుగురో ఎవరంటే నాకు తెలీదు, రోడ్డు మీద పోతూ ఆగిన ఒకాయన.

అక్కడే ఆపాల్సింది. ఆపలేదు. టెస్టింగ్‌లో ఫెయిలైన కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెట్టేవాళ్ళని తిట్టే నేను, ‘ఈసారి ఇంజిన్ ఆన్ చేసి ఎక్కిద్దాం’ అన్నా.

ఫస్ట్ గేర్, సగం క్లచ్. ఎడం పక్కన నడుస్తూ నేను, కుడి వైపు వెనక నాన్న. బండి పైకి ఎక్కుతుంది, మనం మాత్రం నేల మీదే ఉంటాం. ఈ ముక్క ఎవరూ ముందు ఆలోచించరు. హ్యాండిల్ నా నుదుటి ఎత్తుకి వచ్చేసింది, క్లచ్ లీవర్ వేళ్ళకి సరిగా అందట్లేదు. ముందు చక్రం తొట్టిలోకి ఎక్కింది. ‘అయిపోయింది’ అని డ్రైవర్ అరిచాడు. అప్పుడే క్లచ్ నా చేతిలోంచి జారింది. వెనక టైరు గిర్రున తిరిగి కింది చెక్కని వెనక్కి తన్నింది. చెక్క పై కొనని ఎవరూ తాడుతో కట్టలేదు. అది ఊడి పడింది, ఇంజిన్ అడుగు తొట్టి అంచుకి తగిలి బండి కుడి పక్కకి ఒరిగింది.

నాన్న వదిలేయలేదు. వదిలేసి పక్కకి జరిగి ఉంటే బండి పడేది, అంతే. ఆయన రెండు చేతులతో సీటు కింద పట్టుకుని నిలబడ్డారు. మేం పరిగెత్తుకొచ్చి లేపేదాకా.

‘నాన్నా, ఏమైనా తగిలిందా?’

‘ఏం గాలేదురా. ట్యాంకు చూడు, సొట్ట పడ్డట్టుంది.’

నేను ట్యాంకు చూశా.

తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు, ఎత్తి పెట్టేశాం. తాళ్ళు, గోనెసంచులు. చౌటుప్పల్ దగ్గర టీకి ఆగాం. టీ అంటే ప్రాణమిచ్చే మనిషి, దిగబుద్ధి కావట్లేదు అన్నారు. గ్లాసు తెచ్చి కిటికీలోంచి ఇచ్చా. అప్పుడైనా అడగొచ్చు కదా! నేను ఫోన్లో ట్యాంకు సొట్ట తీయడానికి ఎంతవుతుందో వెతుకుతున్నా.

సూర్యాపేటలో దించడం రెండు నిమిషాల పని. మా వీధి చివర ఎరువుల దుకాణానికి లారీ లోడు కోసం కట్టిన ఎత్తరుగు ఉంది. పికప్ వెనక భాగాన్ని దానికి ఆనించమన్నారు నాన్న, సీట్లోంచి దిగకుండానే. బండి చదునుగా నడుచుకుంటూ బయటికొచ్చింది. అరుగు రెండో పక్క వాలు మీదుగా రోడ్డెక్కింది. బలం అక్కర్లేదు, చెక్క అక్కర్లేదు. మియాపూర్‌లోనూ మా సందు చివర హార్డ్‌వేర్ గోడౌన్‌కి అలాంటి అరుగే ఉంది. మూడేళ్ళు రోజూ దాని ముందు నుంచే వెళ్ళా.

ఇంటికెళ్ళాక షూ ఊడలేదు. అమ్మ లేసులు పూర్తిగా లాగేసి తీసింది. పాదం ఉబ్బిపోయి ఉంది. చెక్క దాని మీదే పడిందట. ప్యాంటు పైకి మడిస్తే పిక్క మీద సైలెన్సర్ తగిలిన చోట రూపాయి బిళ్ళంత బొబ్బ. ఎక్స్‌రేలో చిటికెన వేలు ఎముక చిట్లిందని తేలింది. పక్క వేలితో కలిపి కట్టు కట్టారు. మూడు వారాలు జాగ్రత్తగా ఉండమన్నారు.

‘బండికి ఇన్సూరెన్స్ ఉందన్నవ్ గదా’ అంది అమ్మ, నా వైపు చూడకుండా. ‘మీ నాయనకి గూడ చేయించినవా?’

ఆ మూడు వారాలూ నాన్నని బుల్లెట్ మీద నేనే స్కూల్‌కి దింపా. వెనక కూర్చుని, కట్టు కట్టిన కాలు సైలెన్సర్‌కి తగలకుండా పక్కకి చాపి పెట్టుకునేవారు. గేటు దగ్గర దిగి, ట్యాంకు మీద చెయ్యేసి రోజూ అదే ప్రశ్న.

‘ఈ సొట్ట ఎప్పుడు తీయిస్తవ్‌రా?’