విద్యార్థుల నిద్ర

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును శరీరమునకు ఉపస్తంభములని చరకసంహిత చెప్పుచున్నది. ఇందు మూడవదానిని విద్యార్థులకు బోధించుటకు మనము వెనుదీయము. మొదటిదానికి నెలనెల రుసుము చెల్లించుచున్నాము. రెండవదానిని మాత్రము వారియొద్దనుండి దొంగిలించుచున్నాము. ఈ మాట కటువుగానున్నదందురేని, మేము కన్నదానిని చెప్పెదము. చదువరులే నిర్ణయింతురు గాక.

మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, నగరమందలి యొక వసతి కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుచున్న బాలుడు దసరా సెలవులలో మమ్ము చూడవచ్చెను. మాయొద్ద నున్నపుడు కబడ్డీలో వానిని పట్టువారు లేరు. తరగతిలో ప్రశ్న వేయని దినము లేదు. నాలుగు నెలలలో వాని మాట సన్నగిల్లెను. అడిగినదానికి ‘అవునండీ’, ‘కాదండీ’ యని మాత్రము పలుకుచుండెను. రాత్రి భోజనమైన పిమ్మట వాడు తల్లియెదుట నిలిచి, “అమ్మా, ఇక పడుకోవచ్చునా?” అని యనుమతి యడిగెనట! తన యింట, తన తల్లిని!

ఆ క్యాంపసు దినచర్యను వానినోటనే వింటిమి. తెల్లవారుజామున అయిదింటికి లేపుదురు. రాత్రి పదునొకండింటికి దీపమార్పుదురు. నడుమ తరగతులు, స్టడీ అవర్లు, వారము వారము పరీక్షలు. మార్కులు తగ్గినవాడు క్రింది సెక్షనుకు పోవలెను. ఆ పేరు అందఱియెదుట చదువబడును. ఆటస్థలము కలదా యని యడిగితిమి. అది అయిదంతస్తుల అద్దె మేడ యనియు, ఆటస్థలము లేదనియు చెప్పెను. కౌన్సెలరు కలడా యంటిమి. “కలడండీ, అడ్మిషన్లు చూచును” అనెను.

పదుమూడు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సువారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర వలయునని వైద్యశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఈ బాలునికి దక్కునది ఆఱు. తక్కువలో తక్కువ లెక్కించినను వారమునకు పదునాలుగు గంటల లోటు. నిద్రలేని మెదడు నేర్చినదానిని నిలుపుకొనజాలదు. చిరాకు, దిగులు పెరుగును. చదువుకొఱకు నిద్రను చంపువారు తుదకు చదువునే చంపుచున్నారు.

2022వ సంవత్సరమున మన దేశములో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని జాతీయ నేరగణాంక సంస్థ ప్రకటించినది. ఒక్క కారణముచేతనే ఇట్టి మరణములు కలుగునని మేము చెప్పము. కాని అలసట, అవమానము, చెప్పుకొన దిక్కులేకపోవుట అనునవి మనుజుడు తొలగింపగల కారణములు. విశాఖపట్టణమున 2023 జూలైలో పోటీపరీక్షకు చదువుచు మరణించిన పదునేడేండ్ల బాలిక విషయమున విచారించి, సుప్రీముకోర్టువారు 2025 జూలై 25న పదునైదు నిర్దేశములు చేసిరి. నూఱుమందియైనను విద్యార్థులున్న ప్రతి విద్యాలయమును తగిన శిక్షణ పొందిన కౌన్సెలరును నియమింపవలెను. మార్కులనుబట్టి బ్యాచీలు విడదీయుట, బహిరంగముగ అవమానించుట సాధ్యమైనంతవఱకు మానవలెను. సిబ్బందికి ఏటికి రెండుమారులైనను శిక్షణ నీయవలెను. సహాయపు ఫోను నంబర్లను హాస్టళ్లలో స్పష్టముగ వ్రాయవలెను.

తీర్పు మంచిదే. కాని మేము భయపడునది బోర్డులకు. ఒక గది తలుపుపై ‘కౌన్సెలింగు’ అని వ్రాసి, దినచర్యలో అరగంటయైనను మార్పకున్న నేమి లాభము? గాయము చేయు చేయి ఆగకుండ కట్టుకట్టు చేయి ఎంతకాలము పనిచేయును? మఱియు ఆ కౌన్సెలరు విన్నదానిని ప్రిన్సిపాలుకు మోయువాడైనచో, ఏ బిడ్డ నోరు తెఱచును?

“పూర్వులు వీధిదీపములక్రింద చదివి పైకి రాలేదా?” అని కొందఱందురు. వచ్చిరి. వారు తమ యాసక్తిచే మేలుకొనిరి. ఆఱువందలమందిని ఒక్క గంటతో బలవంతముగ మేలుకొలుపుట వేఱు. “పోటీ కాలమున సుకుమారము తగదు” అని మఱికొందఱందురు. కుస్తీ పట్టించు గురువైనను శిష్యునికి విశ్రాంతి నిచ్చును. అది సుకుమారమా, వివేకమా?

ఐనను కళాశాలలనే నిందించి ఊరకుండుట ధర్మము కాదు. ఈ దినచర్యను వారమ్ముచున్నారు, కొనుచున్నవారము మనము. గంటలు తగ్గించిన కళాశాలలో ‘చదువు లేదు’ అని బిడ్డను మాన్పించువారము మనము. మేమును నిర్దోషులము కాము. ఆ బాలుని అచ్చటనే చేర్పింపుమని తండ్రికి చెప్పినవారిలో మేమును ఒకరము. ర్యాంకుల పట్టిక చూచితిమి. పడకగంట యెప్పుడని యడుగలేదు.

కావున తల్లిదండ్రులారా, రుసుము కట్టుటకు ముందు ఈ ప్రశ్నలు వేయుడు. బిడ్డ ఎన్ని గంటలు నిద్రించును? దినమున గంటసేపైన ఆడుకొను చోటు కలదా? మార్కులు తగ్గినపుడు వానికేమి చేయుదురు? రహస్యము కాపాడు కౌన్సెలరెవరు? సమాధానము రానిచోట చేర్పకుడు. బిడ్డ సెలవులకు వచ్చినపుడు మార్కులకన్న ముందు నిద్రనుగూర్చి యడుగుడు. మాట తగ్గినను, తిండి తగ్గినను, ‘నేను పనికిరాను’ అన్నను అలక్ష్యము చేయక వైద్యునియొద్దకు తీసికొనిపొండు. 14416 అను నంబరుకు ఫోను చేసినచో టెలీ మానస్ వారు రుసుము లేకయే తెలుగులో మాటలాడుదురు. ఆ నంబరు బిడ్డలకును తెలియనీయుడు.

పడుకొనుటకు అనుమతి యడుగు బిడ్డ ఏ యింటను ఉండరాదు. అట్టి బిడ్డను తయారుచేయు చదువును మనము కొనరాదు.