తలనొప్పే కదా అనకండి!

జూన్ వచ్చిందంటే మా షార్జాలో ఎండ కళ్ళలో గుచ్చుతుంది. పార్శ్వనొప్పి, అదే మైగ్రేన్ ఉన్న నాలాంటి వాళ్ళకి ఒక కణత దగ్గర పోటు మొదలవుతుంది. కర్టెన్లు వేసుకుని చీకట్లో పడుకుంటే వినిపించే మాట మీకూ తెలుసు: "తలనొప్పే కదా! నువ్వు ఊరికే ఎక్కువ ఆలోచిస్తావు."

ఆ మాటకి మంచి జవాబు ల్యాబ్‌లో పెంచిన నరాల కణాల దగ్గర దొరికింది.

మన నరాల కణాలు పెప్టైడ్లనే చిన్న ప్రోటీన్ ముక్కలను తయారుచేసి వదులుతాయి. వాటిలో సి.జి.ఆర్.పి. ఒకటి. ఇది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, నొప్పి కబురు మెదడుకి చేరడంలో పాలు పంచుకుంటుంది. మైగ్రేన్ వచ్చిన సమయంలో మెడ దగ్గర సిరలోని రక్తంలో ఇది పెరుగుతోందని 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ బృందం చూపించింది. కానీ మనిషి తల లోపలికి తొంగిచూసి ఒక్కో కణం ఏం చేస్తోందో చూడలేం కదా!

అందుకే కణాలను బయట పెంచుతారు. ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపే ట్రైజెమినల్ నరం ముడి నుంచి ఎలుక పిల్లల కణాలు తీసి, పోషక ద్రవంలో, ఒంటి వేడిలోనే ఉంచుతారు. 1999లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో పాల్ డర్హమ్, ఆండ్రూ రస్సో ఇలాంటి కణాలను ప్రేరేపిస్తే సి.జి.ఆర్.పి. ఎక్కువగా బయటికి వచ్చింది. మైగ్రేన్ మందు సుమాట్రిప్టాన్ కలిపితే తగ్గింది.

ఆ పళ్ళెంలోని కణాలకు అత్తగారు లేరు, ఆఫీసు డెడ్‌లైన్ లేదు, సాకులు చెప్పడం అసలే రాదు. అయినా పెప్టైడ్ వదిలాయి, మందుకి లొంగాయి. ఇది మన ఊహ కాదు, కొలవగలిగిన సంగతి.

ఇలాంటి ఎన్నో పరిశోధనల ఫలితంగా సి.జి.ఆర్.పి. పనిని అడ్డుకునే ఎరెనుమాబ్ ఇంజెక్షన్‌కి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెలకొకసారి తీసుకునే ఈ మందు నొప్పి వచ్చాక కాదు, రాకుండా వాడేది. తర్వాత మాత్రలూ వచ్చాయి. ఈ దారి వేసిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.

మైగ్రేన్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరి ముందు ఈస్ట్రోజెన్ పడిపోవడం ఒక కారణం. కాబట్టి నొప్పి వచ్చిన తేదీ, నెలసరి, నిద్ర, మానేసిన భోజనం, వేసుకున్న మాత్ర ఒక పుస్తకంలో రాసి న్యూరాలజిస్టుకి చూపించండి. కొత్త మందులు ఖరీదు, ఇన్సూరెన్స్ అప్రూవల్ గురించి ముందే అడగండి. బిడ్డ కోసం చూస్తుంటే ఆ సంగతీ చెప్పండి.

మామూలు నొప్పి మాత్రలు నెలకి పదిహేను రోజులు, అంతకుమించి నెలల తరబడి వాడితే వాటివల్లే తలనొప్పి వస్తుంది. ఇండియా నుంచి సంచీ నిండా మాత్రలు తెచ్చుకునే అలవాటు మనకుంది. కానీ కోడీన్, ట్రమడాల్ ఉన్నవి యూఏఈలో నియంత్రిత మందులు. డాక్టరు చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తేవద్దు.

ఎన్నడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా నొప్పి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో లాగినా ఇంకేమీ ఆలోచించకుండా 998కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి.

ఈసారి ఎవరైనా "తలనొప్పే కదా" అంటే ఆ పళ్ళెం కథ చెప్పండి. మీ అమ్మాయి నోటి నుంచి అదే నొప్పి వింటే మాత్రం కథ తర్వాత, ముందు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.