గిన్నె ఒకటే... తాగేది ఇంటిల్లిపాదీ!

డిసెంబరు 31 రాత్రి. హాలంతా పిల్లల గోల. బాల్కనీలో నలుగురు మగవాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడతారు. నానమ్మ చేతికి మూత తీసి గంటయిన కూల్‌డ్రింకు వస్తుంది. మందు అలవాటు లేని బావగారేమో మంచినీళ్ల గ్లాసుతో టీవీ ముందు కూర్చుంటారు. వేడుక ఒకటే, ఇల్లు మాత్రం రెండు ముక్కలు.

దీనికి పాతకాలం మందు ఒకటుంది. దాని పేరు పంచ్.

కాక్‌టెయిల్ అన్న మాట పుట్టకముందే ఉన్న పానీయమిది. ఇంగ్లీషు రాతల్లో దీని పేరు మొదటిసారి కనిపించేది 1632 నాటి ఒక ఉత్తరంలో. రాసింది ఈస్టిండియా కంపెనీ మనిషి. అందుకున్నదీ ఆ కంపెనీ వర్తకుడే. ఆయన ఉన్న ఊరు ఏదనుకున్నారు? ఇంగ్లీషువాళ్లు పెటపోలి అని రాసుకున్న మన నిజాంపట్నం! నేటి బాపట్ల జిల్లా తీరంలోని రేవు. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, సుగంధద్రవ్యం... ఈ అయిదూ కలుస్తాయి కాబట్టి మన ‘పంచ’ నుంచే పంచ్ అయిందని ఎక్కువమంది చెబుతారు. పీపాకున్న ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందనేవాళ్లూ లేకపోలేదు. ఏదేమైనా అందులోంచి సారా తీసేస్తే మిగిలేది మన పానకానికి దగ్గరి చుట్టమే.

తీసెయ్యడమే మంచిది కూడా. సారా అన్న మాటకే ఉలిక్కిపడే తెలుగిళ్లు ఎన్నో. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతోనే కదా 1993లో సారాను నిషేధించింది! అందుకని గిన్నెలో మద్యం వద్దు. కావాలనుకున్న పెద్దవాళ్లు తమ గ్లాసులో 30 మిల్లీలీటర్ల రమ్ము కలుపుకుంటారు. గిన్నె మాత్రం అందరిదీ.

కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక. పులుపు ఒకటి, తీపి రెండు, ఘాటు మూడు, నీళ్లు నాలుగు. పాత పంచ్‌లో ఘాటంటే సారానో రమ్మో. ఇక్కడ దాని చోట చిక్కటి టీ డికాక్షన్. ఆ వగరే పానీయానికి నిండుదనం ఇస్తుంది. లేకపోతే అది ఉత్త నిమ్మకాయ షర్బత్తే!

పదిమందికి ఇలా చేయండి. రెండు కప్పుల చక్కెరలో రెండు కమలాపండ్ల తొక్కలు, నాలుగు నిమ్మకాయల తొక్కలు వేసి చేత్తో బాగా నలపండి. పైపొర మాత్రమే పల్చగా చెక్కాలి, తెల్లటి భాగం పడితే చేదు. మూతపెట్టి ఓ గంట వదిలేస్తే తొక్కల్లోని నూనె చక్కెరలోకి దిగి గది గదంతా ఘుమఘుమలాడుతుంది. పంచ్ రుచికి అసలు కీలకం ఇక్కడే. తొందరపడి ఈ గంట మానేస్తే ఎన్ని నిమ్మకాయలు పిండినా ఆ వాసన రాదు. తరవాత మూడు కప్పుల వేడి డికాక్షన్ పోసి, చక్కెర కరిగాక వడకట్టండి. చల్లారనిచ్చి కప్పు నిమ్మరసం, నాలుగు కప్పుల చల్లటి నీళ్లు కలపండి. నిమ్మరసం పడగానే టీ రంగు తేలిపోతుంది, కంగారుపడకండి. చివర్లో పైన కాస్త జాజికాయ తురుము.

ఐసు ముక్కలు వేయొద్దు, అరగంటలో కరిగి నీళ్లయిపోతాయి. ముందురోజే స్టీలు గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెడితే పెద్ద గడ్డ వస్తుంది. అది నెమ్మదిగా కరుగుతుంది. అటక మీది ఇత్తడి గంగాళం తోమి పెడితే చూడ్డానికి ముచ్చటే కానీ, కళాయి లేని ఇత్తడిలో పులుపు పోయకూడదు. గాజుదో స్టీలుదో చాలు.

సంక్రాంతికైతే చక్కెర బదులు కొత్త బెల్లం, జాజికాయ బదులు శొంఠి, మిరియాలు. బెల్లంలో తొక్కలు నలగవు, డికాక్షన్‌లోనే వేయండి. వేసవి పెళ్లిళ్లకు నిమ్మరసం స్థానంలో ఉడికించిన పచ్చిమామిడి గుజ్జు, నీళ్ల బదులు కొబ్బరినీళ్లు. పులుపు కాయను బట్టి ఉంటుంది కాబట్టి రుచి చూసుకుంటూ కలపాలి. వానలు మొదలయ్యాక నేరేడు పండ్లు దొరికితే ఓ గుప్పెడు చిదిమి వేయండి. రంగు చూసి పిల్లలు ముందుగా పరుగెత్తుకొస్తారు.

రమ్ము సీసా గిన్నె పక్కన కాకుండా వేరే బల్ల మీద, పెద్దవాళ్లెవరైనా కనిపెట్టుకుని ఉండేచోట పెట్టండి. తియ్యటి పానీయంలో మద్యం ఘాటు తెలీదు. ఎంత తాగారో లెక్కా ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. కాలేజీ కుర్రాళ్లు వాళ్ల గ్లాసు పట్టుకుని అటువైపు వెళ్తుంటే ఓ కన్నేయండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం. తిరిగి వెళ్లేటప్పుడు స్టీరింగు పట్టేదెవరో రాగానే అడగండి. వాళ్లకు మొదటి గ్లాసు మీ చేత్తో గిన్నెలోంచే ముంచి ఇవ్వండి.